జమీందారు గారి 20 లీటర్లు

రాత్రి పదకొండు దాటితే మా జమీందారు గారు ఆకు మీద పక్కకి ఒరిగి పడుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. చచ్చిపోయాడనే అనుకున్నాను. ఫోన్ టార్చి వేసుకుని దగ్గరికెళ్లి చూస్తే ఒక కన్ను నావైపు తిరిగింది, మొప్ప ఒకసారి కదిలింది. ఈ వేళప్పుడు ఈ వెలుతురేంటి అన్నట్టు ఆకు అవతలి అంచుకి జరిగి మళ్లీ ఒరిగాడు. మర్నాడు మా అక్క కొడుక్కి ఫోన్లో ఈ సంగతి చెప్తే, "పిన్నీ, చేపలకి రెప్పలుండవు కదా, మరెలా నిద్రపోతాడు?" అన్నాడు. కళ్లు తెరుచుకునే పడుకుంటాడురా అన్నాను. "మరి తను పడుకున్నట్టు వాడికెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ పిల్లాడికి ఎనిమిదేళ్లు. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

జమీందారు అంటే మా ఇంట్లో ఉండే బెట్టా. ఫైటర్ ఫిష్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ముదురు నీలం ఒళ్లు, ఎర్ర అంచున్న రెక్కలు, నేల మీద జీరాడే పంచె కుచ్చెళ్లలాంటి తోక. ఆ తోకని వెనక ఈడ్చుకుంటూ, ట్యాంక్ ఈ చివర నుంచి ఆ చివరకి ఎవరో తనకి కప్పం కట్టాలన్నట్టు తిరుగుతుంటే ఆ పేరు దానంతటదే వచ్చేసింది. వాడి గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. రాస్తాను. కానీ వాడి కంటే ముందు మా ఇంట్లో ఉండి పోయిన చిట్టి సంగతి చెప్పకపోతే ఇదంతా సగం అబద్ధం అవుతుంది.

ఒక పుట్టినరోజుకి ఆఫీసులో వాళ్లు నాకో గాజు కూజా ఇచ్చారు. పైన మొక్క. దాని తెల్లటి వేళ్లు నీళ్లలోకి వేలాడుతూ, ఆ వేళ్ల మధ్యలో ఎర్రటి చేప. చూడ్డానికి ఎంత బావుందో! కూజా మెడకి దారంతో కట్టిన అట్టముక్క మీద మూడు సూచనలు ఉన్నాయి. నీళ్లు నెలకోసారి మార్చండి. ఎండలో పెట్టకండి. చేపకి విడిగా తిండి అక్కర్లేదు, వేళ్లు తింటుంది. చేపని మొక్క చూసుకుంటుంది, మొక్కని చేప చూసుకుంటుంది, మనకి పనే లేదు. బెట్టా పురుగులు తినే చేప అని, దోమ పిల్లలు, నీటి పురుగులు దాని అసలు తిండి అని అప్పటికి నాకు తెలీదు. ఆకలేసి ఏది కనబడితే దాన్ని పొడుస్తుంది. మనం చూసి, ఆహా తింటోంది అనుకుంటాం. పైగా ఆ మొక్క నీళ్ల పైభాగాన్ని దాదాపు మూసేసింది. అదెంత పెద్ద తప్పో కాసేపట్లో చెప్తాను.

వారం తిరక్కుండానే నాకు మనసొప్పక మొక్క తీసేసి, పెల్లెట్లు, అంటే చేపల మేత గుళికలు, కొన్నాను. అది మంచి పనే. ఆ తర్వాత చేసినవన్నీ ప్రేమతో చేసిన వెధవ పనులు. ఆ కూజాలో రెండు లీటర్ల నీళ్లు పట్టేవి. ప్రతి ఆదివారం చిట్టిని ఒక గ్లాసులోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, అడుగున ఉన్న రంగురాళ్లని సబ్బు పెట్టి కడిగి, కూజా తళతళలాడేలా తోమి, కుళాయి నీళ్లు నింపి మళ్లీ వదిలేదాన్ని. నా అంత శుభ్రంగా చేపని చూసుకునేవాళ్లు లేరని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. చిట్టి ఎక్కువసేపు అడుగున రాళ్ల మీద కూర్చుని ఉండేది. అప్పుడప్పుడూ నెమ్మదిగా పైకొచ్చి ఒక గుక్క గాలి పీల్చుకుని మళ్లీ కిందికి దిగిపోయేది. ఇంటికొచ్చిన వాళ్లకి చూపించి, ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూడండి అనేదాన్ని.

ఏడు నెలలు బతికింది. చివరి నెలలో రెక్కలు విప్పడం మానేసింది, విసనకర్ర మడిచినట్టు ఒంటికి అంటుకుపోయి ఉండేవి. ఎరుపు పోయి ఇటుక పొడి రంగుకి వచ్చింది. ముసలిదైపోయిందేమో అనుకున్నాను. ఒకరోజు పొద్దున్న చూస్తే అడుగున పక్కకి పడి ఉంది. అప్పుడు కూర్చుని చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. సరిగ్గా చూసుకుంటే బెట్టాలు మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు బతుకుతాయట. ఇంకాస్త ఎక్కువ బతికినవీ ఉన్నాయి.

ఆ రాత్రి చదివిన వాటిల్లో నన్ను వదలకుండా పట్టుకున్న విషయం ఒకటే. బెట్టాకి మొప్పలతో పాటు, వాటికి కాస్త పైన తలలో ఇంకో శ్వాస అవయవం ఉంటుంది. ల్యాబరింత్ అంటారు. మడతలు మడతలుగా ఉండే పల్చటి ఎముక, దాని మీద రక్తనాళాలు నిండిన పొర. చేప పైకొచ్చి నోటితో గాలి గుక్క పట్టి ఆ మడతల్లోకి పంపిస్తే, అక్కడి నుంచే ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది. ఈ సౌకర్యం దానికి అదనపు అలంకారమేమీ కాదు, పైకి రానివ్వకుండా చేస్తే మంచి నీళ్లలో కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీళ్లలో మునిగి చావడమన్నమాట. కూజా మీద మొక్కని బిరడాలా బిగించడం ఎందుకు తప్పో ఇప్పుడు అర్థమైంది కదా.

అయితే మనుషులు దీన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. గాలి పీల్చుకుంటుంది కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా పర్లేదు, కాబట్టి గ్లాసులో పెట్టినా బతుకుతుంది, కాబట్టి గ్లాసు చాలు. మొదటి రెండూ దాదాపు నిజమే. మూడోదే మనం మన సౌకర్యం కోసం అంటించుకున్నది. గాలి బయటి నుంచి తెచ్చుకున్నంత మాత్రాన నీళ్లలోని విషం దాన్ని వదిలిపెట్టదు. చేప మొప్పల గుండా అమ్మోనియా బయటికి వదులుతుంది. రెండు లీటర్ల నీళ్లలో అది పోయేందుకు చోటు ఉండదు, అదే మొప్పల్ని, చర్మాన్ని తిరిగి కాల్చేస్తుంది. వేరే చాలా రకాల చేపలైతే ఆ కూజాలో త్వరగానే చచ్చిపోయి, ఇక్కడేదో తేడాగా ఉందని మనకి తెలియజేసేవి. బెట్టా ఓర్చుకుంటుంది. చిట్టి ఏడు నెలలు ఓర్చుకుంది. ఆ ఓర్చుకోవడానికే నేను ప్రశాంతత అని పేరు పెట్టాను.

ఇంకో వాదన కూడా తరచూ వింటుంటాను. "అవి పుట్టిందే పొలాల్లో గుంటల్లో అండీ, వాటికి చిన్న చోటే ఇష్టం" అని. వీటి సొంతూరు థాయ్‌లాండ్, అక్కడి చావో ఫ్రాయా నది మైదానం. వరి మళ్లు, చిత్తడి నేలలు, కాలవలు. నీళ్లు లోతు తక్కువ, నిజమే. కానీ ఒక్కసారి వరి పొలం గట్టు మీద నిలబడి చూడండి, ఎంత దూరం వరకు నీళ్లుంటాయో. మోకాలి లోతు లేకపోయినా ఎకరాలకి ఎకరాలు. ఎండాకాలం ఆ నీళ్లు ఇంకిపోయి ఏదో మడుగులో చిక్కుకుంటే ప్రాణం నిలబెట్టుకోవడానికి ఆ ల్యాబరింత్ పనికొస్తుంది. కరువులో గంజి తాగి బతికాడు కాబట్టి వీడికి గంజే ఇష్టం అన్నట్టుంది మన లాజిక్. థాయ్ భాషలో దీన్ని ‘ప్లా కట్’ అంటారు, కొరికే చేప అని అర్థం. అక్కడ శతాబ్దాలుగా పోటీలకి పెంచారు. 1910లో చార్లెస్ టేట్ రీగన్ అనే చేపల శాస్త్రవేత్త దీనికి ‘బెట్టా స్ప్లెండెన్స్’ అని పేరు పెట్టాడు. స్ప్లెండెన్స్ అంటే మెరిసేది, ధగధగలాడేది. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అంత పేరు పెట్టించుకుని, అంత గౌరవం అందుకుని, చివరికి షాపులో మూతపెట్టిన ప్లాస్టిక్ కప్పులో!

చిట్టి పోయాక నాలుగు నెలలు ఏ చేపా తేలేదు. తెస్తే ముందు ఇల్లు, తర్వాత చేప అనుకున్నాను. ట్యాంక్ కొన్నాను. 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 25 ఎత్తు. పైన 5 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే లెక్కకి సరిగ్గా 20 లీటర్లు. ఒక్క బెట్టాకి ఇది చాలామంది ఒప్పుకునే కనీసం. పొడవు ముఖ్యం, ఎత్తు కాదు. పొడవాటి తోకలున్న మగ బెట్టాలకి ప్రతి గుక్కకీ పైకి ఈదడమే పెద్ద పని. ఎత్తైన సన్నటి ట్యాంక్ అంటే వాటికి లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు.

ఇక్కడి నుంచే నా సహనానికి పరీక్ష. నీళ్లు నింపగానే చేపని వేసేయకూడదు. అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ముందు ఫిల్టర్‌లో కాపురం పెట్టాలి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ తక్కువ మోతాదులో పెద్దగా హాని చేయదు, వారం వారం కొంత నీరు మారిస్తే, మొక్కలుంటే, అదుపులో ఉంటుంది. దీన్నే సైకిల్ అంటారు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చిట్టి విషయంలో నేను ప్రతి ఆదివారం సబ్బు పెట్టి తోమి తోమి కడిగింది ఈ బ్యాక్టీరియానే. అది అర్థమైన రోజు కాసేపు వంటింట్లో ఊరికే నిలబడిపోయాను.

చేప లేని ఖాళీ ట్యాంక్‌లో అమ్మోనియా చుక్కలు వేసి 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు) దగ్గర పెట్టి, రోజూ టెస్ట్ చేసేదాన్ని. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు, మొదటి సీసా నుంచి ఎనిమిది చుక్కలు, రెండో సీసా నుంచి ఎనిమిది, మూత పెట్టి ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగు వస్తే అమ్మోనియా సున్నా. ఆకుపచ్చ ఎంత ముదురైతే అంత ఎక్కువ. పసుపుకీ, లేత ఆకుపచ్చకీ తేడా తెలుసుకోవడానికి ఆ గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ ట్యూబ్‌లైట్ కిందికి తెచ్చి, రంగుల అట్ట పక్కన పెట్టి, ఒక కన్ను మూసుకుని చూసేదాన్ని. మా ఆయన ఆ పక్కనుంచి వెళ్తూ "ఏమంటున్నారు డాక్టర్ గారు?" అనేవాడు. నైట్రేట్ టెస్ట్ ఇంకా తమాషా. దాని రెండో సీసాని అరనిమిషం పాటు గట్టిగా ఊపకపోతే లోపలి పొడి అడుగునే ఉండిపోయి, ఎప్పుడూ నైట్రేట్ లేదనే చెప్తుంది. నాకు పది రోజులు అలాగే చెప్పింది.

మొదటి పదకొండు రోజులు ఏమీ కదల్లేదు. ఆకుపచ్చ ఆకుపచ్చలాగే ఉంది. పన్నెండో రోజు నైట్రైట్ గొట్టం లేత నీలం నుంచి ఊదాకి తిరిగింది. ఆ ఊదా చూసి నేను చేసిన హడావుడి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ముప్పై ఏడో రోజున, రాత్రి వేసిన 2 పీపీఎం అమ్మోనియా మర్నాటి రాత్రికి సున్నా, నైట్రైట్ కూడా సున్నా. ఇంత ఓపిక లేకపోతే దగ్గర దారి ఒకటుంది. ఎవరి దగ్గరైనా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంక్ ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజ్ ముక్క ఒకటి తెచ్చుకుని మన దాంట్లో పెట్టుకోవడం. పాల తోడులాంటిదే. నాకు ఆ టైమ్‌లో అలాంటి పరిచయస్తులు లేరు.

కుళాయి నీళ్ల గురించి ఒక మాట. క్లోరిన్ మనకి మంచిది, చేపకీ ఆ బ్యాక్టీరియాకీ కాదు. బకెట్‌లో పట్టి ఒక రోజు ఉంచితే ఎగిరిపోతుందంటారు, వట్టి క్లోరిన్ అయితే నిజమే. కొన్నిచోట్ల క్లోరమైన్ కలుపుతారు, అది అలా పోదు. అందుకే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడమే తేలిక, సీసా మీద రాసినంత.

ఇక జమీందారు. షాపులో కప్పుల వరసలో మూడో కప్పులో ఉన్నాడు. మిగతావాటికంటే అందంగా ఉన్నాడని తీసుకోలేదు, వేలు దగ్గరికి తెస్తే వెనక్కి జరగకుండా మొప్పలు విప్పి ఎదురొచ్చాడు, అందుకని. ఇంటికి తెచ్చి, సంచిని ట్యాంక్ నీళ్ల మీద తేలేసి, వేడి సమానమయ్యాక కొంచెం కొంచెంగా మా నీళ్లు అందులో కలుపుతూ ముప్పావుగంట కూర్చున్నాను. ఆ సంచి నీళ్లు ట్యాంక్‌లో పోయలేదు, వాడిని మాత్రమే వలతో తీసి వదిలాను. వాడు ముందు అడుగుకి వెళ్లాడు. నా గుండె కూడా అక్కడికే వెళ్లింది. తర్వాత ఒక మూల నుంచి మొదలుపెట్టి అద్దం వెంబడి మొత్తం ఒక చుట్టు తిరిగి, మధ్యలోకొచ్చి తోక పూర్తిగా విప్పాడు. కప్పులో అంత విప్పే చోటే లేదు కాబట్టి వాడి తోక అంత పెద్దదని నాకూ అప్పుడే తెలిసింది.

ఇంత చదివినా తప్పు చేయకుండా ఉన్నానా అంటే లేదు. ట్యాంక్ అంచుకి తగిలించే ఫిల్టర్ ఒకటి కొన్నాను, నీళ్లు చిన్న జలపాతంలా పడతాయి, చూడముచ్చటగా ఉంటుంది. రెండు వారాలకి జమీందారు తోకలో అర్ధచంద్రాకారంలో ముక్క పోయింది. మర్నాటికి ఇంకో ముక్క. ఫిన్ రాట్, అంటే రెక్కలు కుళ్లే జబ్బు, అని కంగారుపడి మందుల కోసం పరిగెత్తబోయాను. మా ఆయనే ఆపాడు, ముందు వాడేం చేస్తున్నాడో చూడు అన్నాడు. అరగంట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫిల్టర్ ధార తోకకి తగలడం, వాడు పక్కకి కొట్టుకుపోవడం, తిప్పుకుని రావడం, మళ్లీ కొట్టుకుపోవడం. కాసేపటికి విసిగి గిరుక్కున వెనక్కి తిరిగి తన తోకని తానే పట్టుకుని కొరికేశాడు. తోక కొరుక్కోవడం ఈ చేపల్లో కొత్తేం కాదట, బరువైన తోకలున్న వాటిలో మరీను. ఫిన్ రాట్‌లో అయితే అంచులు చీలికలు పేలికలుగా, నల్లగానో ఎర్రగానో మారతాయి. ఇది కత్తిరించినట్టు శుభ్రంగా ఉంది.

నిజానికి ఇక్కడ నాకు కోపం వాడి మీద గానీ ఫిల్టర్ మీద గానీ రాలేదు. అడవి బెట్టాలకి తోక చిన్నగా, పొందిగ్గా ఉంటుంది. ఈ పరికిణీలు మనం తరతరాలుగా ఎంచి ఎంచి పెంచి తగిలించినవి. మోయాల్సింది మాత్రం వాడు. ఈసారి ఎప్పుడైనా ఇంకో బెట్టాని తెస్తే పొట్టి తోక ప్లకాట్ రకాన్నే తెస్తానని ఆ రోజే అనుకున్నాను. ఆ జలపాతం తీసేసి స్పాంజ్ ఫిల్టర్ పెట్టాను. పాత ఫిల్టర్‌లోని స్పాంజ్‌ని కొన్ని వారాలు అదే నీళ్లలో ఉంచాను, బ్యాక్టీరియా ఇల్లు మారడానికి. ఎయిర్ పంపు గొట్టానికి చిన్న కవాటం బిగించి బుడగలు సన్నగా వచ్చేలా తిప్పాను. మందు ఏదీ వేయలేదు. శుభ్రమైన నీళ్లు, వెచ్చదనం, అంతే. మూడో వారానికి తోక అంచున సెల్లోఫేన్ కాగితంలాంటి పారదర్శకమైన పొర మొలిచింది. తర్వాత నెమ్మదిగా అందులోకి నీలం దిగింది.

వెచ్చదనం అన్నాను కదా, హీటర్ గురించి నాతో వాదించేవాళ్లు చాలామంది. "చేపకి హీటరేంటండీ!" అని. ఇది ఉష్ణమండలపు చేప, 24 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. చేప ఒంటి వేడి నీళ్ల వేడే. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, అడుగున కూర్చుంటుంది. మన గది వెచ్చగానే ఉందిగా అనిపిస్తుంది, కానీ నేను థర్మామీటర్ అంటించిన మొదటి చలి వారంలో తెల్లవారుజామున 21 చూపించింది, మధ్యాహ్నానికి 26. ఆ ఊగిసలాటే పెద్ద బాధ. 25 వాట్ల చిన్న హీటర్, 26 దగ్గర పెట్టాను. నీళ్లు మార్చే ముందు ప్లగ్ తీయడం మర్చిపోకండి. హీటర్ గాలిలో వేడెక్కి, మళ్లీ నీళ్లు తగిలితే గాజు పగులుతుంది. ఇది ఎలా తెలుసని అడక్కండి.

మొక్కలు: అనుబియాస్, జావా ఫెర్న్, పైన తేలేవి కొన్ని. ఈ మొదటి రెండూ తక్కువ వెలుతురులో బతుకుతాయి, రాయికి కట్టేస్తే చాలు. ప్లాస్టిక్ మొక్కలే పెట్టుకుంటానంటే పాత నైలాన్ సాక్స్ ఒకదాన్ని వాటి మీద రాసి చూడండి. దారం పట్టుకుందంటే తోక కూడా చిరుగుతుంది. ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తే నీళ్లు లేత టీ రంగుకి తిరుగుతాయి. మనం కొనుక్కునే బాదంపప్పు చెట్టు కాదు, అడ్డంగా గొడుగులా పెరిగి ఎర్రటి ఆకులు రాల్చే చెట్టు. వాటి సొంత నీళ్లూ ఆ రంగే. మూత తప్పనిసరి, ఇవి ఎగిరి దూకుతాయి. మూతకీ నీళ్లకీ మధ్య ఆ 5 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలని ముందే చెప్పాను, పీల్చే గాలి అక్కడి నుంచే కదా, అది కూడా మరీ చల్లగా ఉండకూడదు.

తిండి విషయం పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున్న మూడు పెల్లెట్లు, సాయంత్రం మూడు. వారానికి రెండుసార్లు పెల్లెట్ల బదులు గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ అనే ఎర్ర పురుగులు గానీ, డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులు గానీ, కరిగించి. వారానికో రోజు ఉపవాసం. ఆ రోజు వాడు చూసే చూపుకి రాళ్లు కరుగుతాయి. కరక్కండి. ఎక్కువ తినిపించడం వల్ల పొట్ట ఉబ్బి, ఒరిగిపోయి తేలే బెట్టాలే ఎక్కువ.

"ఒక్కడే పాపం, తోడు కావద్దా?" అని మా అత్తయ్య అడుగుతూ ఉంటారు. వద్దత్తయ్యా. ఇంకో మగ బెట్టాని పెడితే ఇద్దరిలో ఒకరు పోతారు. ఆడదాన్ని పెట్టినా గుడ్ల కాలం దాటితే తరిమి తరిమి కొడతాడు. ఒంటరితనం మనకి జబ్బు, వాడికి జాగీరు. ఒక నత్తని మాత్రం పెట్టాను. మొదటి వారం దాని మీసాలు ఒకసారి పట్టుకు లాగాడు, తర్వాత గోడ మీది బల్లిని మనం వదిలేసినట్టు వదిలేశాడు. ఆ నత్త అద్దం నిండా తెల్లటి నువ్వుగింజల్లా గుడ్లు అంటించి పోతుంటుంది, అవి గోకినా పోవు. అది నా గోల.

సెలవులకి వచ్చినప్పుడు మా అక్క కొడుకు ట్యాంక్ పక్కన అద్దం నిలబెట్టి జమీందారుని రెచ్చగొట్టాడు. మొప్పలు గొడుగుల్లా విప్పి, మీద పడి, మళ్లీ వెనక్కొచ్చి, ఎంత హీరోయిజమో. ఒకటి రెండు నిమిషాలైతే కసరత్తే. నేను చూసుకోకపోతే వీడు గంటసేపు అలాగే ఉంచేశాడు. జమీందారు సాయంత్రానికి తిండి ముట్టలేదు. "పిన్నీ, గెలిచాడా?" అని అడిగాడు. ఎవరి మీద గెలుస్తాడురా, అవతల ఉన్నదీ వాడే కదా అన్నాను. ఆ రాత్రి ఇంకో సంగతి గమనించాను. గది లైటు ఆపేసి ట్యాంక్ లైటు ఒక్కటే ఉంచితే, అద్దాలన్నీ లోపలి నుంచి వాడికి నిలువుటద్దాలు అయిపోతున్నాయి. అప్పటి నుంచి ముందు ట్యాంక్ లైటు ఆపి తర్వాత గది లైటు ఆపుతాను.

పైన తేలే ఆకుల కింద అప్పుడప్పుడు నురగ బుడగల గూడు కడతాడు. ఉమ్మితో చుట్టిన బుడగలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి పేరుస్తాడు, పిల్లలు పుడితే పెంచే నాన్న వాడేనన్నమాట. గుడ్లు జారి పడితే నోటితో పట్టి తిరిగి గూట్లో పెట్టేది కూడా మగ చేపే. గూడు కట్టాడంటే సంతోషంగా ఉన్నట్టే అని అంటారు గానీ నేను దాన్ని నమ్మను. చిట్టి కూడా ఆ కూజాలో రెండుసార్లు కట్టింది. అవును, చిట్టి మగది. పేరు పెట్టాక తెలిసింది.

వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాను. స్పాంజ్‌ని ఆ తీసిన నీళ్లలోనే పిండుతాను, కుళాయి కింద కాదు. మొత్తం ఇరవై నిమిషాల పని. చిట్టికి ఆదివారం ఆదివారం గంట పట్టేది.

మొన్న ఆఫీసులో ఒకావిడ వాళ్ల పాప పుట్టినరోజుకి వచ్చే పిల్లలందరికీ తలొక బెట్టా, చిన్న గిన్నెలో పెట్టి ఇస్తే ఎలా ఉంటుందని అడిగారు. నాకు చేపలంటే ఇష్టమని సలహా కోసం నా దగ్గరికే వచ్చారు. ముప్పై మంది పిల్లలు. నేను ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఫోన్లో జమీందారు ఇంటికొచ్చిన మొదటి రోజు తీసిన వీడియో ఉంటే చూపించాను, కప్పులో ఉన్నదొకటి, ఆ తర్వాత తోక విప్పిందొకటి. "రెండూ ఒకటే చేపేనా అండీ?" అన్నారావిడ. అవునన్నాను. రెండోసారి మళ్లీ చూశారు. చివరికి ఏమిచ్చారో నాకు తెలీదు, పార్టీకి నేను వెళ్లలేదు.

జమీందారు వచ్చి మూడేళ్ల నాలుగు నెలలైంది. తెచ్చేటప్పటికే కొన్ని నెలల వయసు ఉండి ఉంటుంది కాబట్టి, ముసలాయన కిందే లెక్క. నడుం కొంచెం ఒంగింది. ఎడమ కన్ను మీద పొగ పట్టినట్టు తెల్లటి పొర. పైకి ఈదడానికి ఆయాసపడుతున్నాడని నీళ్లు 20 సెంటీమీటర్ల నుంచి 13కి దించాను. అనుబియాస్ కట్టిన రాయిని ఇంకో రాయి మీదికి ఎక్కించాను, పడుకున్న చోటు నుంచి ఒక్క తోక ఊపుకి గాలి అందేలా. స్పాంజ్ బుడగల్ని ఇంకా సన్నం చేశాను. పెల్లెట్ వేస్తే ఎడమ వైపు పడింది కనబడదు, అందుకని పట్టకారుతో కుడి కన్ను ముందుకి తెచ్చి పట్టుకుంటాను. ఇవాళ పొద్దున్న మొదటిసారి గురి తప్పి పట్టకారు కొసని కొరికాడు. రెండోసారి నీళ్లని కొరికాడు. నేను చెయ్యి కదపలేదు. ఒక అంగుళం వెనక్కి వెళ్లి, ఆగి, చూసుకుని, మూడోసారి వచ్చి లాక్కుని వెళ్లిపోయాడు.